నా పూరీలు పొంగడం మొదలైంది ఇలా

చాలా కాలం నా పూరీలు చదునుగానే ఉండిపోయేవి, పైగా నూనె బాగా పీల్చేవి. పిండిలోనే లోపముందనుకొని రెండుసార్లు రకం మార్చాను, ఫలితం లేదు. తప్పు నేను తడిపే తీరులో ఉంది. చపాతీలకు కలిపినట్టే మెత్తగా కలిపేదాన్ని. ఇప్పుడు 2 కప్పుల గోధుమపిండిలో చెంచాడు బొంబాయి రవ్వ, ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ గట్టిగా కలుపుతున్నాను. పావుగంట మూత పెట్టి ఉంచితే చాలు.

పొడిపిండి అద్ది ఒత్తడం కూడా మానేశాను. అది మూకుడులో రాలి మాడి, నూనెను నల్లబరుస్తుంది. ఉండకు చుక్క నూనె రాస్తే సరిపోతుంది. అంచులూ మధ్యభాగమూ ఒకే మందంలో ఉండాలి. మరీ పలచనైతే లోపల ఆవిరి నిలవదు. పూరీని పొంగించేది ఆ ఆవిరే కదా!

అన్నిటికంటే ముఖ్యం నూనె కాగడం. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. సుమారు 180 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడి అన్నమాట. పూరీ వేయగానే చిల్లుల గరిటెతో మెల్లగా అదిమి, పైన వేడి నూనె చిమ్ముతాను. అది బుడగలా లేచే క్షణం నాకెంతో ఇష్టం. మొన్న ఆదివారం బంగాళాదుంప కూరతో 12 పూరీలు చేశాను, అన్నీ పొంగాయి.