114 ఎంబీపీఎస్ దాటని గ్రాఫ్: నా అనుభవం

మా నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను ఒక మానిటరింగ్ టూల్‌లో గ్రాఫ్‌గా చూస్తుంటాను. లింకు 1 జీబీపీఎస్ (సెకనుకు 1 గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్). రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు స్విచ్‌లో చూస్తే 400 ఎంబీపీఎస్ పైనే, గ్రాఫ్‌లో మాత్రం ఎన్నడూ 114 దాటదు. పైగా ట్రాఫిక్ పెరిగితే గీత కిందికి పడేది! కేబుల్ మార్చాను, పోలర్ (పరికరాల నుంచి రీడింగ్‌లు తెచ్చే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేశాను, గ్రాఫ్ తీసేసి మళ్లీ పెట్టాను, లాభం లేదు.

చివరికి ఆ 114 అంకే దారి చూపింది. పోర్టు మీదుగా వెళ్లిన బైట్లను స్విచ్ ఒక కౌంటర్‌లో లెక్కపెడుతుంది, గ్రాఫ్ దాన్నే చదువుతుంది. 32 బిట్ల కౌంటర్ 4,294,967,296 బైట్లకు చేరగానే సున్నాకి తిరుగుతుంది. నేను 5 నిమిషాలకోసారి రీడింగ్ తీస్తున్నా. ఆ వ్యవధిలో అది కొలవగలిగేది సుమారు 114 ఎంబీపీఎస్ వరకే. పూర్తి 1 జీబీపీఎస్‌లో అయితే 34 సెకన్లకే ఒక చుట్టు తిరుగుతుంది.

ముందు డివైస్ సెట్టింగ్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల నుంచి ఈ కౌంటర్లను చదివే ప్రోటోకాల్) వెర్షన్ 1 తీసి 2సీ పెట్టాను, ఎందుకంటే వెర్షన్ 1లో 64 బిట్ల కౌంటర్లు అసలు రావు. (ఎప్పుడో నేనే పెట్టిన సెట్టింగ్, ఎవరినీ అనలేను.) తర్వాత 64 బిట్ల ఇన్‌కమింగ్ కౌంటర్ల చిరునామా అయిన 1.3.6.1.2.1.31.1.1.1.6 మీద ఎస్‌ఎన్‌ఎంపీవాక్ (ఆ విలువలన్నీ చదివి చూపే కమాండ్) నడిపి, ఇన్‌కమింగ్ అంకెలు వస్తున్నాయని చూసుకున్నాను. అవుట్‌గోయింగ్‌కి చివరి అంకె 10. ఆపైన ఇంటర్‌ఫేస్‌ల జాబితా రీలోడ్ చేసి, 64 బిట్ కౌంటర్ల టెంప్లేట్‌తో కొత్త గ్రాఫ్ పెట్టాను. పాతదాన్ని పోల్చుకోవడానికి ఒక రోజు ఉంచాను. ఆ రాత్రి కొత్త గ్రాఫ్ స్విచ్‌తో సరిపోయింది.

మీకూ ఇదే కారణమని చెప్పలేను. 100 ఎంబీపీఎస్ లింకుకి 5 నిమిషాల రీడింగ్ అయితే సమస్య వేరే ఎక్కడో ఉంది. కొన్ని చవక స్విచ్‌లలో 64 బిట్ల కౌంటర్లే ఉండవు; అప్పుడు రీడింగ్‌ను 30 సెకన్లకు తగ్గించి చూడండి.