పాత నవాహో వెండి నగల్లో రాయి కదులుతోందా? నీలం రంగు మారిందా?

అమెరికాలో ఉండే మనవాళ్లు గ్రాండ్ కాన్యన్, శాంటా ఫే వైపు వెళ్లినప్పుడు నవాహో అనే అక్కడి ఆదివాసీ తెగ కంసాలులు చేసిన వెండి కడియమో ఉంగరమో ముచ్చటపడి కొనుక్కుంటారు. కొత్త నగతో పెద్దగా ఇబ్బంది ఉండదు. అరవై, ఎనభై ఏళ్ల నాటిది చేతికొస్తే మాత్రం దాన్ని ఇంట్లో వెండి కుందులు తోమినట్టు తోమకూడదు. అది ఎప్పుడు, ఎలా తయారైందో తెలిస్తేనే ఏం చేయాలో, ఏం చేయకూడదో అర్థమవుతుంది.

వెండి నల్లబడింది

కారణం గంధకం. గాలిలోని గంధకం వెండితో కలిసి పైన నల్లటి పొర కడుతుంది. నగను రబ్బరు బ్యాండుతో చుట్టి పెట్టినా, ఉన్ని బట్టల మధ్య దాచినా ఇంకా త్వరగా నల్లబడుతుంది. అయితే ఆ నలుపంతా మురికి కాదు. నవాహో పనివాళ్లు ఉక్కు అచ్చులను సుత్తితో కొట్టి నకాషీ వేస్తారు. ఆ గీతల్లో నిలిచిన నలుపు వల్లే డిజైన్ కంటికి కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా తీసేస్తే నగ అందం పోతుంది, సేకరించేవాళ్ల దగ్గర విలువా తగ్గుతుంది.

మెత్తటి పొడి నూలు గుడ్డతో ఎత్తుగా ఉన్న భాగాలను మాత్రమే తుడవండి. చింతపండు, టూత్‌పేస్ట్, తడి విభూతి, వెండిని ముంచి తీసే ద్రావణాలు, అల్యూమినియం రేకుతో సోడా నీళ్లు వద్దే వద్దు. వెండి మెరుస్తుంది కానీ రాయి పాడవుతుంది.

నీలం రాయి ఆకుపచ్చగా మారింది

ఈ నగల్లోని నీలం రాయి టర్కాయిజ్, అంటే రాగి, అల్యూమినియం, ఫాస్ఫేట్, నీరు కలిసిన ఖనిజం. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద ఇది 5 నుంచి 6 మాత్రమే. దానిలో సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి చెమట, కొబ్బరి నూనె, సన్‌స్క్రీన్, సబ్బు లోపలికి ఇంకిపోయి రంగు మారుస్తాయి. రెసిన్ ఎక్కించి రాయిని గట్టిపరిచే పద్ధతి 1950ల నుంచి వ్యాపించింది. అందుకే అంతకుముందు నగల్లోని రాళ్లకు ఈ బెడద ఎక్కువ.

మారిన రంగును వెనక్కి తేలేం. తెస్తామని చెప్పి బ్లీచ్ వాడేవాళ్లకు నగ ఇవ్వకండి. అన్నిటికంటే ముందు, ఆ రాయి మొదటి నుంచీ అదే రంగులో ఉందేమో చూడండి. న్యూ మెక్సికోలోని సెరిలోస్, నెవాడాలోని రాయ్‌స్టన్ గనుల్లో సహజంగానే ఆకుపచ్చ రాళ్లు దొరికాయి. నాకైతే ఆ పచ్చదనమే ఎక్కువ ఇష్టం. ఇకమీదట క్రీములు ఆరాకే నగ పెట్టుకోండి, వంటకు ముందు తీసేయండి.

రాయి కదులుతోంది, కాస్త పైకి లేచింది

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పాత రోజుల్లో పల్చటి రాయి పొదగాల్సి వస్తే, అది అంచు దాకా ఎత్తుగా కూర్చోవడానికి కింద రంపపు పొట్టు నింపేవారు. అట్టముక్కలు పెట్టినవీ ఉన్నాయి. దెబ్బ తగిలినప్పుడు రాయి పగలకుండా ఆ పొట్టు మెత్తగా కాపాడేది కూడా. పాత నగను నీళ్లలో నానబెడితే, లేదా చేతికి ఉంచుకునే స్నానం చేస్తే, ఆ తడి లోపలికి చేరుతుంది. పొట్టు ఉబ్బి రాయిని పైకి నెడుతుంది, ఆరాక కుంచించుకుపోతుంది. అప్పటి నుంచి రాయి గలగలలాడుతుంది.

తడిసిన వెంటనే తుడిచి, నీడలో గాలి తగిలేలా కొన్ని రోజులు ఆరనివ్వండి. హెయిర్ డ్రైయర్ పెట్టొద్దు. ఫెవిక్విక్ లాంటి జిగురు అసలే వద్దు. అది తెల్లటి మరక వేస్తుంది, తర్వాత రాయిని పగలకుండా తీయడం కష్టమవుతుంది. ఈ పని తెలిసిన మనిషి చుట్టూ ఉన్న పల్చటి వెండి పట్టీని మెల్లగా తెరిచి, పాత పొట్టు తీసి కొత్తది నింపి, పట్టీని మళ్లీ రాయి మీదకు ఒత్తుతారు.

మన ఊళ్లో కంసాలి దగ్గరకు తీసుకెళ్తే ఒక్క మాట గట్టిగా చెప్పండి: టంకం వేసే ముందు రాయి తీసేయాలి. మంట వేడికి టర్కాయిజ్‌లోని నీరు పోయి రాయి రంగు మారుతుంది, పగులుతుంది.

కడియం మధ్యలో చీలిక వచ్చింది

తొడిగిన ప్రతిసారీ రెండు కొసలనూ లాగి వెడల్పు చేస్తుంటే వెండి గట్టిపడి చివరికి చీలుతుంది. మణికట్టు సన్నని పక్క నుంచి ఒక కొస తొడిగి, చేతి చుట్టూ తిప్పుకోవాలి. సైజు సరిపోకపోతే మీరు వంచొద్దు.

ఎక్కడా ముద్ర లేదు, నకిలీయా?

చాలా పాతవాటికి ముద్ర ఉండదు. నవాహోల్లో తొలి వెండి పనివాడిగా చెప్పుకునే అట్సిడి సాని ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఇనుప పని నేర్చుకున్నాడు. 1864లో అమెరికా సైన్యం నవాహోలను వాళ్ల నేల నుంచి నడిపించి న్యూ మెక్సికోలోని బోస్క్ రెడోండో శిబిరంలో బంధించింది. 1868 ఒప్పందంతో వాళ్లు తిరిగొచ్చాకే వెండి పని బాగా వ్యాపించింది. అమెరికా నాణేలు, మెక్సికో పెసోలు కరిగించి, సుత్తితో సాగగొట్టి నగలు చేశారు. అప్పటి అమెరికా వెండి నాణెంలో వెండి 90 శాతం, స్టెర్లింగ్ అనే మేలురకం వెండిలో 92.5. పనివాడి సొంత ముద్రైనా, ‘స్టెర్లింగ్’ అనే ముద్రైనా మామూలైంది 1930ల తర్వాతే. కాబట్టి 1900 నాటిదని చెప్పి ‘స్టెర్లింగ్’ ముద్ర ఉన్న నగ చూపిస్తే అనుమానించాలి.

బాణాలు, థండర్‌బర్డ్ అనే పురాణ పక్షి బొమ్మలున్న తేలికపాటి కడియాలు మరో రకం. రైలు యాత్రికులకు అమ్మడానికి రైలు మార్గాల వెంట హోటళ్లు నడిపిన ఫ్రెడ్ హార్వీ కంపెనీ 1899 నుంచి ఇలాంటివి చేయించింది. వీటిలో యంత్రంతో చేసినవి కూడా ఉన్నాయి.

నగ మీద స్వస్తిక్ లాంటి గుర్తుంది

కంగారు పడకండి, ఇది మన స్వస్తిక్ కాదు, నాజీ గుర్తూ కాదు. నవాహోల వైద్య క్రతువుల్లో వేసే ఇసుక చిత్రాల్లోని తిరిగే దుంగ గుర్తు ఇది. హిట్లర్ వల్ల దానికి చెడ్డపేరు రావడంతో 1940లో నవాహో, హోపీ, అపాచీ, పాపాగో తెగల ప్రతినిధులు ఇకపై దాన్ని వాడబోమని సంతకాలు చేశారు. అందుకే ఈ గుర్తున్న అసలు నగలు ఎక్కువగా అంతకుముందువే. అమెరికా వీధుల్లో పెట్టుకు తిరిగితే చూసేవాళ్లు నొచ్చుకోవచ్చు, ఇంట్లోనే దాచుకోవడం మేలు.

దూదికి నీలం అంటుకుంది

నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదిని రాయి అంచున, కనపడని చోట ఒక్కసారి తాకించండి. రంగు దిగితే అది హౌలైటో, మాగ్నసైటో అనే తెల్ల రాయికి రంగు వేసినది కావచ్చు. దిగలేదని అసలుదేనని తేల్చేయకండి, ప్లాస్టిక్ కూడా ఉండొచ్చు. సూది కాల్చి గుచ్చే పరీక్ష మాత్రం వద్దు, మంచి రాయికి మచ్చ పడుతుంది. అలాగే లోహం జర్మన్ సిల్వర్ అని రాస్తే అందులో వెండి లేదు, ఉన్నది రాగి, నికెల్, జింక్.

కొనేటప్పుడే పనివాడి పేరు, తెగ పేరు రాసిన రసీదు అడగండి. అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం వేరేవాళ్లు చేసినదాన్ని అమెరికా ఆదివాసీల పని అని అమ్మడం నేరం. 1935 తర్వాత తయారైన వస్తువులకు ఈ చట్టం వర్తిస్తుంది.

పూసల హారం తెగింది

స్క్వాష్ బ్లాసమ్ (గుమ్మడి పువ్వు) అనే వెండి పూసల హారాల్లో పూసల రంధ్రాల అంచులు పదునుగా ఉండి నూలు దారాన్ని కోస్తాయి. పూసలు చాలాసార్లు చిన్న నుంచి పెద్ద వరుసలో ఉంటాయి. అందుకే విప్పే ముందు ఫోటో తీసుకోండి. పూసలు గుచ్చడానికి వంగే సన్నని స్టీలు తీగ వాడమనండి. మధ్యలో వేలాడే నెలవంక పతకాన్ని నాజా అంటారు, ఆ ఆకారం స్పెయిన్ వాళ్ల గుర్రపు కళ్లేల మీద నుంచి వచ్చింది. హారంలో అన్నిటికంటే బరువైంది అదే, కాబట్టి దాన్ని పట్టుకునే కొక్కెం అరిగిందేమో అప్పుడే చూపించండి.