జర్మనీలో బిడ్డను కిటాకు పంపే తెలుగు తల్లిదండ్రులకు

జర్మనీలో ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ కిటాలో (బడి వయసు రాని పిల్లలను పగటిపూట చూసుకునే కేంద్రంలో) గానీ, ఇంటి దగ్గర పిల్లలను చూసుకునే సంరక్షకురాలి వద్ద గానీ చోటు పొందే హక్కును 2013 ఆగస్టు 1 నుంచి చట్టం కల్పించింది. హక్కు ఉన్నా పెద్ద నగరాల్లో చోటు అంత తేలికగా దొరకదు కాబట్టి, ఇల్లు కుదిరి చిరునామా నమోదు కాగానే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ సంగతి అందరూ చెబుతారు. చోటు దొరికాక ఇంట్లో ఏ ఏర్పాట్లు చేసుకోవాలో చెప్పేవారు తక్కువ గనుక, మా బిడ్డతో మేము నేర్చుకున్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది అక్కడివారు ‘ఐన్‌గెవ్యోనుంగ్’ అనే అలవాటు చేసే కాలం. మన ఊళ్ళో బడి గుమ్మం దగ్గర ఏడుస్తున్న బిడ్డను టీచరమ్మ చేతికిచ్చి వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. రెండు రోజులు ఏడ్చి వాళ్ళే సర్దుకుంటారని పెద్దలు ధైర్యం చెబుతారు. ఇక్కడ అలా జరగనివ్వరు. చాలా కిటాలు అనుసరించే బెర్లిన్ పద్ధతిలో మొదటి మూడు రోజులు తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతోపాటు గంటసేపు గదిలోనే కూర్చుని, కలిసే తిరిగి రావాలి. నాలుగో రోజున మాత్రమే, బిడ్డకు చెప్పి, కొద్ది నిమిషాలు బయటికి వెళ్ళాలి. ఆ కాసేపట్లో టీచరు ఓదార్పుకు బిడ్డ ఊరుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టి తరువాతి రోజులు నిర్ణయమవుతాయి. మొత్తం రెండు మూడు వారాలు పట్టవచ్చు, కొందరికి అంతకన్నా ఎక్కువే. కాబట్టి తల్లి ఉద్యోగంలో తిరిగి చేరే తేదీకి కనీసం నెల ముందే కిటా మొదలయ్యేటట్లు చూసుకోండి. గదిలో ఉన్నంతసేపు ఒక మూల కూర్చోండి. బిడ్డ వస్తే ఒడిలోకి తీసుకోండి, మీరుగా పిలిచి ఆడించకండి. వెళ్ళేటప్పుడు బిడ్డ చూడకుండా జారుకోవడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఏడుస్తుందని భయపడి నేను ఒకసారి అలా చేశాను. ఆ తరువాత వారం రోజులు నేను వంటింట్లోకి వెళ్ళినా బిడ్డ కొంగు వదలలేదు.

కాగితాల విషయానికి వస్తే, 2020 మార్చి నుంచి తట్టు టీకా వేయించిన రుజువు లేనిదే కిటాలో చేర్చుకోరు. భారతదేశంలో వేయించిన టీకాల కార్డును ముందుగా పిల్లల డాక్టరుకు చూపించి, జర్మన్ టీకా పుస్తకంలోకి ఎక్కించుకోండి. అదే రోజు మరొక పని కూడా చేయించుకోవాలి. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద, పిరుదుల మీద పుట్టుకతో నీలిరంగు మచ్చలుంటాయి. ఇవి హానిలేనివి, పెరిగేకొద్దీ మాసిపోతాయి. అటువంటివి ఎప్పుడూ చూడని టీచరు డయాపరు మార్చేటప్పుడు వాటిని దెబ్బలుగా పొరబడే అవకాశం ఉంది. పిల్లల ఆరోగ్య పరీక్షల పసుపు పుస్తకంలో డాక్టరు చేత ఆ మచ్చల సంగతి రాయించి, చేరిన రోజునే టీచరుకు చూపించండి. మొలతాడు ఎందుకు కడతామో, బుగ్గ మీది దిష్టి చుక్క ఏమిటో కూడా అప్పుడే చెప్పండి. మెడలో గొలుసులు మాత్రం ఇంట్లోనే ఉంచండి, ఆటలో పీకకు చుట్టుకునే ప్రమాదం ఉంటుంది.

తిండి దగ్గర అలవాట్ల తేడా బాగా కనబడుతుంది. చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించిన బిడ్డ, అక్కడ బల్ల ముందు కూర్చుని తనంతట తానే తినాలి. చేరడానికి రెండు నెలల ముందు నుంచే రోజుకొక పూటైనా చెంచా చేతికిచ్చి, ఎంత పారబోసుకున్నా ఊరుకోండి. రాత్రిపూట ముద్దలు కలిపి పెట్టడం మానవలసిన అవసరం ఏమీ లేదు. శాకాహారులైతే ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, మాంసం, చేప, మాంసపు రసం, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ వద్దని విడివిడిగా రాసివ్వండి. పుట్టినరోజులకు పంచే జిగురు మిఠాయిల్లో జెలటిన్ తరచుగా ఉంటుంది. గుడ్డు వేసిన కేకు విషయం కూడా ముందే తేల్చుకోండి.

వానలో తడిస్తే పడిశం పడుతుందన్న మన భయం అక్కడ చెల్లదు. చినుకులు పడుతున్నా, మంచు కురుస్తున్నా పిల్లలను బయట ఆడిస్తారు. అందుకు నీరు పట్టని బురద పంట్లాము, రబ్బరు బూట్లు, గదిలో వేసుకునే మెత్తటి చెప్పులు, రెండు జతల మార్పు బట్టలు పేరు రాసి ఇవ్వాలి. వీటికి బోలెడు డబ్బు పోయనక్కరలేదు, పాతబట్టల సంతల్లో చవకగా దొరుకుతాయి. జ్వరం వస్తే మాత్రం పంపకూడదు. మందు వేయకుండానే ఒక రోజంతా జ్వరం లేకుండా గడిచాకే తీసుకురమ్మని చాలా కిటాలు కోరతాయి.

తాతయ్య, నాయనమ్మ భారతదేశం నుంచి వచ్చినప్పుడు బిడ్డను కిటా నుంచి ఇంటికి వారు తీసుకురావాలంటే, వారి పేర్లు ముందుగా రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. బిడ్డ “తాతయ్యా” అంటూ ఎదురు పరుగెత్తినా, జాబితాలో పేరు లేనివారికి అప్పగించరు. దీన్ని అవమానంగా తీసుకోవద్దని ముందే వారికి నచ్చజెప్పండి.

చివరగా భాష. కిటా మొదలవుతున్నదని ఇంట్లో జర్మన్ మాట్లాడనక్కరలేదు. జర్మన్ అక్కడ నేర్పుతారు. తెలుగు మీరు మాట్లాడితేనే వస్తుంది. బిడ్డ వాడే మాటలను లాటిన్ లిపిలో, పక్కన జర్మన్ అర్థంతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: నీళ్ళు, బువ్వ, ఉచ్చ, జోజో, ఎత్తుకో, నొప్పి, చాలు. ‘కక్క’కు అర్థం రాయనక్కరలేదు, జర్మన్ పిల్లలు కూడా దాదాపు అదే మాట అంటారు. తలను ఒక భుజం వైపు, మరో భుజం వైపు వాలుస్తూ ఆడిస్తే అది ‘కాదు’ కాదనీ, మన ఇళ్ళలో ‘సరే’ అని అర్థమనీ కూడా ఆ కాగితం అడుగున రాయండి. మా బిడ్డ టీచరు ఆ కాగితాన్ని డయాపరు మార్చే బల్ల పైన గోడకు అంటించి, మొదటి నెలంతా చూసి చదువుతూ ‘చాలు’, ‘ఎత్తుకో’ అనడం నేర్చుకున్నారు.