తొలి అంతరిక్షయాత్రల ప్రెస్ ఫొటోలు – 3వ పాఠం: ప్రింటు వెనకవైపు

కిందటి పాఠంలో పది రెట్ల భూతద్దంతో బొమ్మవైపు చూశాం. చుక్కలు కనబడితే అచ్చులోనో ఇంక్‌జెట్‌లోనో వేసినది, లేకపోతే ఫొటో కాగితం. ఈసారి బోర్లించండి. ధర తేలేది అక్కడే.

1965 జూన్ 3న అమెరికా వ్యోమనౌక జెమిని-4 బయట తేలుతున్న వ్యోమగామి ఎడ్ వైట్ ఫొటోనే తీసుకుందాం. తోటి వ్యోమగామి మెక్‌డివిట్ తీసిన ఆ నెగెటివ్ నుంచి తర్వాత ఎన్నో ప్రింట్లు వేశారు. మార్జిన్‌లో ‘ఎస్-65’తో మొదలయ్యే నాసా నంబరు చూసి సంబరపడొద్దు. అది నెగెటివ్‌ది. ఇరవై ఏళ్ల తర్వాత వేసిన ప్రింటు మీదా అదే ఉంటుంది.

ముందు కాగితం సంగతి. ఫైబర్ కాగితం వెనక మామూలు దళసరి కాగితంలా తగులుతుంది, పొడి గాలికి అంచులు వంపు తిరుగుతాయి. ఆర్‌సీ (రెజిన్ కోటెడ్) కాగితానికి రెండువైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది చదునుగా పడుకుంటుంది. నలుపు-తెలుపు ఆర్‌సీ వాడుకలోకి వచ్చింది 1970ల్లో. కాబట్టి ‘1965 ప్రింటు’ అని అమ్మేది ఆర్‌సీ మీద ఉంటే బేరమే వద్దు. అల్ట్రావయొలెట్ లైటు ఈ పనికి కొనకండి: కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనం 1950ల నుంచే వాడుకలో ఉంది, అసలు ప్రింటూ మెరవొచ్చు.

తర్వాత ముద్రలు. హ్యూస్టన్‌లోని నాసా కేంద్రం పేరు 1973 ఫిబ్రవరి దాకా ‘మ్యాన్డ్ స్పేస్‌క్రాఫ్ట్ సెంటర్’, ఆ తర్వాతే ‘జాన్సన్ స్పేస్ సెంటర్’. చిరునామాలో జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఉంటే ఆ ముద్ర 1963 జులైకి ముందుది కాదు. ‘ఏపీ లేజర్‌ఫొటో’ (ఏపీ అంటే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ) అని ఉంటే 1970లకు వచ్చేసినట్టే. వైర్‌ఫొటో అయితే క్యాప్షన్ బొమ్మలోనే కలిసిపోయి, సన్నని అడ్డగీతలు కనిపిస్తాయి. అది తీగ మీద వచ్చిన బొమ్మ కనుక స్పష్టత తక్కువ, కానీ ఆ రోజు పత్రికాఫీసుకు చేరింది అదే. దాన్ని తక్కువగా చూడటం మాకు నచ్చదు.

పత్రికల తేదీ ముద్రలు ఒకటికి మించి ఉండటం మామూలే. ఫొటో వాడిన ప్రతిసారీ కొట్టేవారు. 1967 జనవరి 27న అపోలో-1 మంటల్లో గ్రిసమ్, చాఫీలతో పాటు వైట్ కూడా చనిపోయాక, పాత ఫొటోలన్నీ మళ్లీ బీరువాల్లోంచి బయటకొచ్చాయి. అందుకే 1965 జూన్ ముద్ర పక్కన 1967 జనవరి 28 ముద్ర కనిపిస్తే కంగారు పడొద్దు. రెంటిలో పాతదే మనకు లెక్క: ఆ రోజుకే ఆ కాగితం ఉంది.

దొంగ ముద్రను పట్టేదెలా? పాత మడత పగిలిన చోట చూడండి. సిరా పగులులోకి దిగి పాకితే, మడత పడ్డాకే ముద్ర కొట్టారు. ముద్ర ముందే ఉంటే పగులు దగ్గర అక్షరం తెగిపోయి, లోపల కాగితం తెల్లగా కనిపిస్తుంది.

అంటించిన క్యాప్షన్ చీటీని తడిపి ఊడదీయొద్దు, చీటీతో పాటు ఆధారమూ పోతుంది. పీవీసీ కవర్లు బొమ్మకు అతుక్కుంటాయి, పాలిస్టర్‌వి వాడండి. మీ గుర్తులు పెన్సిల్‌తోనే, అంచున, ఒత్తకుండా.

అభ్యాసం: అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ ఫొటో, ఫైబర్ కాగితం. వెనక పత్రిక ముద్ర 1962 ఫిబ్రవరి 21, ఏజెన్సీ ముద్రలో జిప్ కోడ్. ఇది సాధ్యమేనా? రెండు ముద్రలూ ఒకదాన్నొకటి తాకే చోట ఏది పైన ఉందో చూస్తే ఏం తెలుస్తుంది? జవాబుతో పాటు వచ్చే పాఠంలో సోవియట్ వార్తా సంస్థ టాస్ గగారిన్ ప్రింట్లు.