క్యాలిపర్ రంగు పెచ్చులూడుతోందా? డబ్బాను తిట్టే ముందు నిప్పల్ చూడండి

క్యాలిపర్ అంటే చక్రం లోపల డిస్క్ బ్రేక్ ప్యాడ్‌లను నొక్కే ఇనుప దిమ్మె. దానికి కొట్టిన ఎర్ర రంగు రెండు నెలలకే పెచ్చులు లేస్తే అందరూ అడిగేది ఒకటే: "ఏ కంపెనీ డబ్బా మంచిది?" డబ్బా సంగతి తర్వాత. చక్రం విప్పి, రంగు సరిగ్గా ఎక్కడ లేచిందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ చూడరు.

రంగంతా మాడి గోధుమ రంగుకు తిరిగింది

మామూలు ఎనామిల్ కొట్టారు. ఊళ్లో తిరిగినన్నాళ్లు బాగానే ఉంటుంది. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ దాకా ఘాట్ దిగితే తేలిపోతుంది. గీకేసి క్యాలిపర్ పెయింటే వేయండి. సైలెన్సర్‌కు కొట్టే హై టెంపరేచర్ స్ప్రే కూడా ఇక్కడ పనికిరాదు. అది బాగా కాలితేనే గట్టిపడే రకం, రోజువారీ నడకలో క్యాలిపర్‌కు అంత వేడి రాదు.

చేత్తో రాస్తే ఇసుకలా గరుకు

ఎండలో కొట్టారు. మే నెలలో నల్గొండ ఎండకు రంగు ఇనుముకు తగిలేలోపే ఆరిపోతుంది. ఎమరీతో రుద్ది, పొద్దుగాల ఏడింటిలోపు నీడలో మళ్లీ పలుచగా కొట్టండి. చెలకల మీది ఎర్ర దుమ్ము లేస్తుంటే ఆ రోజుకు పని ఆపేయండి.

నిప్పల్ చుట్టూ, బ్యాంజో బోల్ట్ కింద మాత్రమే బొబ్బలు

నిప్పల్ అంటే బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి తీసే (బ్లీడింగ్ చేసే) చిన్న మర. బ్యాంజో బోల్ట్ అంటే ఆయిల్ గొట్టాన్ని క్యాలిపర్‌కు బిగించే బోల్ట్. అసలు దొంగ ఇక్కడున్నాడు: బ్రేక్ ఆయిల్. డాట్ 3, డాట్ 4 రకాలు రెండూ రంగును మెత్తబరిచి లేపేస్తాయి. చుక్క చాలు.

"పెట్రోల్‌తో శుభ్రంగా తుడిచినం" అంటారు. తుడిచిందే తప్పు. పేరుకు ఆయిలే గానీ ఇది గ్రీజు జాతి కాదు. పెట్రోల్‌కు, కిరోసిన్‌కు సరిగ్గా లొంగదు, నీళ్లలో కలిసిపోతుంది. కాబట్టి ముందు సబ్బునీళ్లు, బ్రష్. ఆ తర్వాతే బ్రేక్ క్లీనర్. చివరిసారి కడగడానికి మాత్రం బోరు నీళ్లు వద్దు. మన దగ్గరి బోరు నీళ్లు ఆరాక తెల్లగా ఉప్పు మిగులుతుంది, దాని మీద కొట్టిన రంగు వానాకాలంలో ఉబ్బుతుంది. ఇంటికొచ్చే ఆర్ఓ క్యాన్‌లోంచి ఒక లీటరు వాడండి.

కడిగి ఆరబెట్టాక ఇంకో పరీక్ష ఉంది. క్యాలిపర్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో బాగా వేడి చేయండి. పోత ఇనుము గరుకులో దాగిన ఆయిల్ నల్లటి మచ్చలుగా బయటికొస్తుంది. మచ్చ కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి. తెల్ల టిష్యూతో తుడిస్తే తెల్లగానే రావాలి.

ఇంత చేసినా నిప్పల్ దగ్గరే మళ్లీ లేస్తోందంటే, ఆయిల్ లోపలి నుంచి వస్తోంది. రబ్బరు టోపీ తీసి నిప్పల్‌ను పూర్తిగా తుడవండి. టిష్యూ ముక్కను వత్తిలా మెలితిప్పి నిప్పల్ రంధ్రంలో దూర్చండి, ఇంకో ముక్కను నిప్పల్ అడుగున మర చుట్టూ చుట్టండి. ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా పదిసార్లు తొక్కి, రాత్రంతా వదిలేయండి.

మొదటి రాత్రి వత్తి తడిసి, రెండో రాత్రి కొత్త వత్తి పొడిగా ఉంటే, అది బ్లీడింగ్ చేసినప్పుడు రంధ్రంలో మిగిలిన ఆయిలే. వేడికి అదే పైకి పొంగి కారుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్ గొట్టం రంధ్రంలో పెట్టి రెండు మూడుసార్లు కొట్టండి. మొహం మీదికే వెనక్కి చిమ్ముతుంది, జర జాగ్రత్త.

రోజూ వత్తి తడుస్తుంటే నిప్పల్ కూర్చునే చోటు సరిగ్గా మూసుకోవట్లేదు. గట్టిగా బిగిస్తే సరిపోతుందనుకుంటారు. నిప్పల్ లోపల డొల్ల, విరిగితే క్యాలిపరే విప్పాలి. కొత్త నిప్పల్ వేసి బ్లీడ్ చేయండి. తడి బ్యాంజో బోల్ట్ దగ్గరైతే రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవి వేయాలి, పాతవి తిప్పి వేయడం కాదు. పిస్టన్ రబ్బరు దగ్గర తడి ఉంటే రంగు సంగతి మరిచిపోయి బండిని మెకానిక్ దగ్గరికి పంపండి.

రంగు వేశాక చక్రం వేడెక్కుతోంది, బ్రేక్ పట్టేస్తోంది

ప్యాడ్ చెవులు జారే గాడిలో రంగు పడింది. లేదా క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్ మీద. అక్కడ వెంట్రుకంత మందం పెరిగినా ప్యాడ్ వెనక్కి రాదు. గాడిని లోహం కనిపించేదాకా ఫైల్‌తో గీకేయండి, పిన్‌ల మీది రంగు తీసేసి బ్రేక్ గ్రీజు రాయండి. డిస్క్ మీద తుంపర పడితే బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ప్యాడ్ మీద పడితే ఎమరీతో పైపొర తీయండి, లోపలికి ఇంకితే కొత్తవే.

డబ్బా పాతదై చెడిపోవడం, ప్రైమర్‌తో పడకపోవడం లాంటివి నూటికొకటి. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

పని అయ్యాక నిప్పల్ టోపీ తప్పకుండా పెట్టండి. అది పోతే రంధ్రంలో మట్టి చేరుతుంది, తర్వాతి బ్లీడింగ్‌లో ఆయిల్ పక్కకు చిమ్మేది అందుకే.