సరఫరా నిబంధనలన్నీ ఒకే మాన్యువల్‌గా కూర్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సరుకుల కొనుగోలు, రవాణా, నిల్వ, పంపిణీలకు సంబంధించిన చట్టాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, సర్క్యులర్లు, మెమోలు అన్నీ ఒకే పుస్తకంలో దొరకాలన్న కోరిక కర్నూలు జిల్లా కార్యాలయాల్లో పనిచేసిన వారికి ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుంది. ఆదోని వైపు ఒక మండల గోదాములో లారీ వాకిట్లో ఆగి ఉండగా, హమాలీలు ఎదురుచూస్తుండగా, తరుగు ఎవరి ఖాతాలో రాయాలో తేల్చుకోవడానికి ఇన్‌చార్జి మూడు ఫైళ్లు తిరగేయడం చూసినవారికి ఆ పుస్తకం అవసరం గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే నిబంధనను ఒక చోటి నుంచి తీసి మరొక చోట పెట్టినప్పుడు దాని అర్థం ఎవరూ గమనించకుండానే మారిపోవచ్చు. అప్పుడు నష్టపోయేది ఆ పుస్తకాన్ని నమ్మి సంతకం పెట్టిన చిన్న ఉద్యోగి, లేదా బియ్యం అందక వెనుదిరిగిన కార్డుదారు. ఈ పనికి పూనుకోబోతున్న కార్యాలయాల వారి కోసం, చాలా ఏళ్లు ఈ రిజిస్టర్ల మధ్యనే గడిపిన అనుభవంతో ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

మాన్యువల్‌కు తనంతట తానుగా చట్టబలం ఉండదన్న సంగతి మొదటి పేజీలోనే స్పష్టంగా రాసుకోవాలి. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం, 2013 జాతీయ ఆహార భద్రత చట్టం పార్లమెంటు చేసినవి. 2015 నాటి లక్షిత ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వు 1955 చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చినది. వాటి కింద రాష్ట్ర ఉత్తర్వులు, ఆ తరువాత కమిషనర్ సర్క్యులర్లు, కలెక్టర్ ప్రొసీడింగ్స్ వస్తాయి. ఒక్కొక్క మెట్టు బలం ఒక్కొక్క రకం. అన్నింటినీ ఒకే వరుస సంఖ్యతో అచ్చు వేస్తే చదివేవారికి అవన్నీ సమానమేనన్న భ్రమ కలుగుతుంది. ఉదాహరణకు, పట్టుకున్న సరుకు గురించి అకారణ జాప్యం లేకుండా కలెక్టరుకు నివేదించాలని 1955 చట్టం 6ఎ సెక్షన్ చెబుతుంది; జప్తుకు ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి సమాధానం చెప్పుకునే అవకాశం కల్పించాలని 6బి సెక్షన్ చెబుతుంది. ఎప్పటిదో ఒక మెమోలో ఉన్న గడువును చట్టంలోని మాటలాగా మాన్యువల్‌లో రాస్తే, 6ఎ కేసు విచారణలో అవతలి వకీలు ఆ పేజీనే చేతికి తీసుకుంటారు. కాబట్టి ప్రతి నిబంధన పక్కన అంచులో దాని మూలం, తేదీ, సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. మూలానికీ మాన్యువల్‌కూ తేడా వస్తే మూలమే చెల్లుతుందని రాయాలి. మూలం దొరకని నిబంధన ఎంత అలవాటైనదైనా పుస్తకంలోకి రాకూడదు. టెలీకాన్ఫరెన్స్‌లో విన్న మాట, వాట్సాప్‌లో వచ్చిన సందేశం రాతపూర్వక ఉత్తర్వుగా మారేదాకా బయటే ఉండాలి.

సేకరణ దశలో జరిగే పొరపాటు అన్నింటికంటే ప్రమాదకరమని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ జారిపోయినదాన్ని తరువాత ఎవరూ వెతకరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కార్యాలయంలో నిల్వ తరుగుకు సంబంధించిన ఉత్తర్వులను ఒకచోట చేర్చి సాఫు ప్రతి రాసే పని నాకు అప్పగించారు. పాత పుస్తకాలకు సవరణ వచ్చినప్పుడల్లా సవరణ చీటీని కత్తిరించి, సంబంధిత పేరా పక్కన జిగురుతో అంటించడం అప్పటి పద్ధతి. నేను చూసిన పేజీలో చీటీ లేదు. పేరా పక్కన వేలెడు వెడల్పున పసుపు రంగు జిగురు మరక మాత్రం ఉంది. ఆ మరక ఏమిటని నేను ఎవరినీ అడగలేదు, పాత పేరానే రాసుకుపోయాను. ఏడాది తరువాత ఒక గోదాము ఇన్‌చార్జి జీతంలోంచి రికవరీ మొదలయ్యాక ఆ చీటీ బయటపడింది. అది ఊడిపోయి నాలుగు పేజీల అవతల ఇరుక్కుని ఉంది. సవరణ ప్రకారం ఆయన కట్టవలసింది ఏమీ లేదు. డబ్బు తిరిగి ఇచ్చారు, కాని ఆ ఏడాదంతా ఆయన దొంగలాగా తలదించుకుని తిరిగారు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ఒకే ప్రతిని నమ్మకూడదు. కనీసం రెండు కార్యాలయాల ప్రతులను పక్కపక్కన పెట్టి, ఒకరు చదువుతుండగా మరొకరు పోల్చి చూడాలి. జిగురు మరక, ఎర్ర సిరా గీత, అంచులోని పొడి అక్షరాలు ఏవి కనిపించినా వాటిని విడిగా ఒక నోటుపుస్తకంలో రాసి, ఒక్కొక్కటి తేలేదాకా వదలకూడదు. స్కాన్ చేయించేటప్పుడు చీటీని లేపి కింద ఉన్న పాత పాఠాన్ని కూడా వేరుగా తీయించాలి. ఇంటర్నెట్‌లో తేలికగా దొరుకుతున్నాయని కేంద్ర శాఖలకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమాలను ఎత్తి రాయకూడదు. రాష్ట్ర కార్యాలయాల కొనుగోళ్లకు రాష్ట్ర ఆర్థిక కోడే ఆధారం.

కాలం చెల్లిన నిబంధనల విషయంలో రెండు రకాల తప్పులు జరుగుతాయి: చచ్చినదాన్ని బతికి ఉన్నట్టు రాయడం ఒకటి, ఇంకా పని ఉన్నదాన్ని పూర్తిగా చెరిపేయడం రెండవది. మన రాష్ట్రంలో 2021 జనవరిలో 9,260 వాహనాలను ప్రారంభించారు, ఫిబ్రవరి నుంచి వాటితో ఇంటింటికీ రేషన్ పంపిణీ మొదలైంది. 2025 జూన్ 1 నుంచి పంపిణీ మళ్లీ చౌకధరల దుకాణాలకే వచ్చింది. ఆ నాలుగేళ్లలో వాహనాలకు స్టాకు అప్పగింత, మిగులు వాపసు, ఈ-పోస్ (రేషన్ ఇచ్చేటప్పుడు వేలిముద్ర తీసుకునే యంత్రం) నమోదుల గురించి వచ్చిన ఆదేశాలను నేటి పద్ధతిగా మాన్యువల్‌లో ఉంచితే గందరగోళమే. కాని ఆ కాలపు లెక్కల మీద ఆడిట్ అభ్యంతరమో రికవరీయో మిగిలి ఉంటే దానిని తేల్చవలసింది నాటి నిబంధనతోనే కనుక, వాటిని అమలు తేదీ, ముగింపు తేదీలతో ఒక చారిత్రక అనుబంధంలో పెట్టాలి. ధరల సంగతీ అంతే. ఆహార భద్రత చట్టం కింద కిలో బియ్యానికి మూడు రూపాయలని ఉన్న కేంద్ర ధర 2023 జనవరి 1 నుంచి లేకుండా పోయి బియ్యం ఉచితమైంది. అంతకు ముందు నెలల బకాయి లెక్కకు మాత్రం పాత ధరే కావాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక, పాత ఉత్తర్వులో ‘కర్నూలు జిల్లా’ అన్న మాట నేటి నంద్యాల జిల్లాను కూడా కలుపుకుని ఉంటుంది, ‘అనంతపురం జిల్లా’ అన్నచోట శ్రీ సత్యసాయి జిల్లా ఉంటుంది. ఏ గోదాము ఏ జిల్లా కిందికి వెళ్లిందో మండలం పేరుతో సరిచూడకుండా పాత పట్టికలను దించుకోకూడదు.

కూర్పులో ఇంకొక ప్రమాదం, వేర్వేరు శాఖలు ఒకే మాటను వేర్వేరు అర్థాల్లో వాడడం. బియ్యం గోదాములో ముందు వచ్చిన లాటును ముందు పంపడం నియమం. మందుల స్టోరులో ఆ నియమం పనికిరాదు. అక్కడ గడువు ముందు తీరేది ముందు వెళ్లాలి, అది నిన్ననే వచ్చినదైనా సరే. రెండింటినీ కలిపి ‘పాత స్టాకును ముందుగా పంపాలి’ అని ఒక్క వాక్యం రాస్తే మందుల అరలో గడువు తీరిన పెట్టెలు మిగులుతాయి. సంచి బరువూ అలాంటిదే. 50 కిలోల బియ్యం పట్టే ప్రామాణిక జనపనార సంచి బరువు 580 గ్రాములు; 200 సంచుల లారీని కాటా వేసినప్పుడు 116 కిలోలు గోతాల బరువే ఉంటుంది. ‘బరువు’ అన్నచోట సంచితో కలిపా, సంచి తీసివేసా అన్నది చెప్పకుండా వదిలితే ప్రతి లారీ దగ్గరా తగవు మొదలవుతుంది, తగ్గిన బియ్యం చివరికి డీలరు నుంచి కార్డుదారు మీదికి జారుతుంది. ‘నెల’ అంటే కేటాయింపు నెలా పంపిణీ నెలా, ‘రోజు’ అంటే పనిదినమా క్యాలెండరు దినమా అన్నవి నిర్వచనాల అధ్యాయంలో తేల్చిన తరువాతే మిగిలిన అధ్యాయాలు మొదలుపెట్టాలి.

తెలుగులో రాస్తున్నప్పుడు మరింత మెలకువ కావాలి. ‘అధికారి తనిఖీ చేయవచ్చు’ అంటే తనిఖీ చేసే అధికారం ఉందనా, తనిఖీ జరిగే అవకాశం ఉందనా? ‘తనిఖీ చేసే అధికారం అధికారికి ఉంటుంది’ అని రాస్తే సందేహం ఉండదు. ‘15వ తేదీ లోపు’ అంటే 15వ తేదీ కలుస్తుందో లేదో ఇద్దరిని అడిగితే రెండు జవాబులు వస్తాయి. ‘15వ తేదీతో కలిపి’ అని రాయాలి. ‘డీలరు, రవాణా కాంట్రాక్టరు, గోదాము ఇన్‌చార్జి బాధ్యత వహించాలి’ అన్నప్పుడు ముగ్గురూ ఉమ్మడిగానా, ఎవరి వంతు వారా అన్నది ఆ వాక్యంలో లేదు. అన్నింటికంటే ఎక్కువగా చూడవలసింది ‘నమోదు చేయబడవలెను’ అనే రచన. ఎవరు నమోదు చేయాలో చెప్పకుండా తప్పించుకునే వాక్యం అది. లోటు బయటపడిన రోజున అక్కడ ఉన్నవారిలో అందరికంటే చిన్న ఉద్యోగి మెడకు చుట్టుకుంటుంది. ప్రతి వాక్యానికీ చేసే మనిషి హోదా కర్తగా ఉండాలి. పేరు వద్దు, హోదా చాలు.

మారే అంకెలను పాఠంలో పొదగకూడదు. అంత్యోదయ కుటుంబానికి నెలకు 35 కిలోలు, ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి 5 కిలోలు అన్నవి చట్టంలో ఉన్నవి కనుక నిలకడగా ఉంటాయి. కొనుగోలు పరిమితులు, రవాణా రేట్లు, హమాలీ కూలి అలా కాదు. వాటిని తేదీ వేసిన అనుబంధంలో ఉంచితే, మారినప్పుడు ఆ ఒక్క కాగితం మార్చవచ్చు. అంకెలతో పాటు ఊరి పరిస్థితీ చూడాలి. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే పంట పనుల కాలపు వలస కూలికి, గుంటూరు ప్రాంతానికి వెళ్తాయి, ఎక్కడైనా రేషన్ తీసుకునే వీలు ఉన్నందున అక్కడే బియ్యం తీసుకుంటాయి. దుకాణానికి పంపే స్టాకును కార్డుల సంఖ్యతో మాత్రమే లెక్కగట్టే నిబంధన రాస్తే ఇక్కడ నిల్వ పేరుకుపోతుంది, అక్కడ కొరత వస్తుంది. అందుకే ముసాయిదాను పశ్చిమ మండలాల డీలర్లకూ గోదాము సిబ్బందికీ చదివి వినిపించకుండా ఖాయం చేయకూడదు.

అమలు తేదీని ఏప్రిల్ 1గా పెట్టుకోవడం మంచిది. మార్చి 31 నాటి నిల్వల లెక్కింపు అప్పటికి చేతిలో ఉంటుంది. వానలూ వరదలూ వచ్చే జూన్ నుంచి నవంబరు దాకా పాత పద్ధతిని మార్చడం ఏ మాత్రం తగదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచాయి; 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయాయి. అటువంటి రాత్రి గోదాము తాళం ఎవరు తీయాలి, రిలీజ్ ఆర్డరు (సరుకు విడుదల ఉత్తర్వు) లేకుండా ఎంత బియ్యం ఇవ్వవచ్చు, కరెంటూ సిగ్నలూ లేక ఈ-పోస్ పనిచేయనప్పుడు ఎవరి సంతకం చాలు అన్నవి మాన్యువల్‌లో ఒకే పేజీలో, పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆ పేజీని ముందుగా ఒక సాయంత్రం దీపాలు ఆర్పి, టార్చి వెలుతురులో, దాన్ని రాయడంలో పాలుపంచుకోని ఒక ఉద్యోగితో చదివించి చూడాలి. ఆయన ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ రాయాలి.

పుస్తకం సిద్ధమయ్యాక 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం దానిని ప్రజలకు అందుబాటులో ఉంచడం కార్యాలయం బాధ్యత. కుట్టిన పుస్తకం కాకుండా విడి పేజీల ఫైలు అయితే సవరణ వచ్చినప్పుడు పేజీనే మార్చవచ్చు, చీటీలు అంటించే అవసరం ఉండదు. తీసివేసిన పేజీ మీద తేదీ, సంతకం వేసి దాచాలి. కొత్తది వచ్చిందన్న ఉత్సాహంలో పాత ఉత్తర్వుల కట్టలను తూకానికి వేయకూడదు, ఆడిట్లూ కోర్టు కేసులూ ముగిసేదాకా వాటి అవసరం ఉంటుంది. వాటిని కింది అంతస్తు బీరువాల్లో కాక పై అంతస్తులో, కిటికీకి దూరంగా, నేలకు ఎత్తుగా ఉన్న అరల్లో పెట్టించి, ఏ కట్ట ఏ అరలో ఉందో రాసిన పట్టిక ఒక ప్రతిని మాన్యువల్ చివరి పేజీలోనే చేర్చాలి.