యూకేకి కొత్తగా వచ్చారా? స్కార్లెట్ ఫీవర్ మందు మధ్యలో ఆపకండి

చలికాలం వచ్చేసరికి "మీ పిల్లల తరగతిలో ఒకరికి స్కార్లెట్ ఫీవర్" అని బడి నుంచి ఈమెయిల్ రావచ్చు. గొంతు నొప్పి, జ్వరం, వాంతులతో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ఛాతీ మీదా పొట్ట మీదా దద్దుర్లు లేస్తాయి. మన పిల్లల ఒంటి రంగు మీద ఆ ఎరుపు సరిగా తెలియదు. చేత్తో తడిమి చూడండి, ఉప్పుకాగితంలా గరుగ్గా తగులుతుంది. నాలుక మీది తెల్లపూత ఊడిపోయి, ఎర్రగా బుడిపెలు తేలతాయి.

వీడియో కాల్‌లో చూసి అమ్మమ్మ "అమ్మవారు పోసింది, మందులు వేయకండి" అంటుంది. ఆవిడకు సర్ది చెప్పండి. ఆటలమ్మ, తట్టు వైరస్‌ల వల్ల వస్తాయి. ఇది గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా పని. యాంటీబయాటిక్ పడాల్సిందే. జీపీకి (మీరు పేరు నమోదు చేసుకున్న స్థానిక డాక్టరుకు) ఫోన్ చేసి అనుమానం సంగతి ముందే చెప్పండి, నేరుగా వెళ్ళి పదిమంది మధ్య కూర్చోకండి. జీపీ మూసి ఉంటే ఆరోగ్య సలహాల ఫోన్ నంబరు 111కి చేయండి.

ఎన్నిసార్లు చెప్పినా వినని మాట ఒకటుంది. సూట్‌కేసులో తెచ్చుకున్న అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజులు వేసి, జ్వరం తగ్గిందని ఊరుకుంటారు. వద్దండీ! ఇక్కడ మామూలుగా రాసేది పెన్సిలిన్ వి: రోజుకు నాలుగుసార్లు, 10 రోజులు, తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. వేరే మందు ఇచ్చేది ముఖ్యంగా పెన్సిలిన్ పడనివాళ్ళకు. పొడిలో నీళ్ళు కలిపిన సిరప్ ఫ్రిజ్‌లో పెట్టినా ఏడు రోజులే పనికొస్తుంది కాబట్టి రెండో సీసా కావాలి. కోర్సు తెగేది అక్కడే. ఆ రెండో సీసా పొడిగా ఇస్తున్నారా, ఎన్ని ఎంఎల్ నీళ్ళు కలపాలి, లేక మళ్ళీ రావాలా అని ఫార్మసీలో ఆ రోజే అడగండి. ఇంగ్లండులో 16 ఏళ్ళలోపు పిల్లలకు డాక్టరు రాసిన మందులు ఉచితం.

మూడో రోజుకే పిల్లాడు గెంతుతుంటాడు, గొంతులో క్రిమి మాత్రం ఉండిపోవచ్చు. అది మిగిలితే రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మన ఊళ్ళలో మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు తిరిగే పిల్లల్లో చాలామందికి సరైన మందు పడని గొంతు నొప్పితోనే ఈ జబ్బు మొదలైంది.

దగ్గు, తుమ్ముల తుంపరలతో, ఒకే గ్లాసు, ఒకే తువ్వాలు వాడటంతో అంటుకుంటుంది. మందు మొదలుపెట్టి 24 గంటలు గడిచేదాకా బడికి పంపకండి. మందే వేయకపోతే రెండు మూడు వారాలు అంటిస్తూనే ఉంటారు. జ్వరానికి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్ ఇవ్వకండి. ఊపిరి కష్టమైనా, లేపితే లేవకపోయినా, గాజు గ్లాసు అదిమినా మచ్చ మాయం కాకపోయినా అత్యవసర నంబరు 999కి చేయండి.

డాక్టరు ఈ కేసును ఆరోగ్య అధికారులకు తెలపడం ఇంగ్లండులో చట్టం. దానికీ మీ వీసాకూ సంబంధం లేదు. సరే, ఇదీ చెప్పాలి: మందు సరిగా పడితే దాదాపు అందరూ వారంలో కోలుకుంటారు. ఆ తర్వాత వేళ్ళ చివర తోలు పొరలుగా ఊడుతుంది. తగ్గేటప్పుడు అలాగే అవుతుంది, దానికోసం మళ్ళీ డాక్టరు దగ్గరికి పరుగెత్తకండి.